పాత హాలీవుడ్ మ్యూజికల్స్: కత్తెరకు అందేలా పెట్టిన పాటలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డల్లాస్‌లో ఉంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి బూట్ల చప్పుడుతో తాళం వేసే ట్యాప్ డాన్స్ నేర్చుకుంటోంది. తనతో కలిసి పాత హాలీవుడ్ మ్యూజికల్స్ చూడటం మొదలుపెట్టారు. పండగ రోజుల్లో ‘హాలిడే ఇన్’ పెడితే, మధ్యలో తెల్ల గాయకుడు బింగ్ క్రాస్బీ ముఖమంతా నల్లరంగు పూసుకుని పాడే పాట వచ్చింది. అమ్మాయి షాకైపోయి, “వీళ్ళ సినిమాల్లో నిజం నల్లవాళ్ళే లేరా?” అని అడిగింది. ఏం చెప్పాలో మీకు తోచలేదు. ఈ సినిమాలు చూపించొచ్చా, మానేయాలా, చూపిస్తే ఏవి చూపించాలి అని అడిగారు.

చూపించండి. కోసేసిన టీవీ కాపీలు కాదు, పూర్తి సినిమాలే చూపించండి. నేను ఫిల్మ్ సొసైటీల్లో ఈ సినిమాలు వేస్తూ, వాటి మీద క్లాసులు చెబుతూ వచ్చినవాణ్ణి. నా అనుభవంలో, ఎవరున్నారు, ఎవరు లేరు అని తలలు లెక్కపెడితే తెలిసేది సగమే. ఉన్నవాళ్ళని సినిమాలో ఎక్కడ పెట్టారో చూడాలి. వాళ్ళ పాట తీసేస్తే కథ ఆగిపోతుందా, లేక ఏమీ జరగనట్టు సాగిపోతుందా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని చూస్తే 1927 నుంచి 1961 దాకా వచ్చిన మ్యూజికల్స్ వేరే రకంగా కనిపిస్తాయి.

మీరు చూసిన ‘హాలిడే ఇన్’ (1942)నే తీసుకుందాం. అది లింకన్ పుట్టినరోజు పాట. బానిసత్వాన్ని రద్దు చేసిన అధ్యక్షుడి పేరు మీద పాడుతూ క్రాస్బీ, హీరోయిన్ మార్జరీ రేనాల్డ్స్, బ్యాండు వాళ్ళు అందరూ నల్లరంగు పూసుకుంటారు. కథలో దానికి చెప్పిన కారణం, డాన్సర్ ఫ్రెడ్ అస్టేర్ వేసిన పాత్ర హీరోయిన్‌ని గుర్తుపట్టకూడదని. ఇక్కడ మీరు గమనించారో లేదో, అదే పాటలో ఒక చరణం వంటింట్లో నడుస్తుంది. అక్కడ వంటమనిషి మామీ తన ఇద్దరు పిల్లలతో కలిసి పాడుతుంది. ఆ పాత్ర వేసిన లూయీస్ బీవర్స్ నిజంగా నల్లజాతి నటి. అంటే నిజం నల్లవాళ్ళు ఆ సినిమాలో ఉన్నారు. స్టేజీ మీద రంగు పూసుకున్న తెల్లవాళ్ళు, వంటింట్లో ఆమె. మీ అమ్మాయి అడిగినదానికి జవాబు ఆ ఒక్క పాటలోనే ఉంది. మళ్ళీ ఒకసారి వేసి ఆ చరణం దగ్గర ఆపి చూపించండి.

ఈ రంగు పూసుకోవడం సినిమాతో మొదలైంది కాదు. 1830ల నుంచి అమెరికాలో మిన్‌స్ట్రెల్ షోలు ఉండేవి. తెల్లవాళ్ళు ముఖానికి మసి పూసుకుని, పెదాలు పెద్దవి చేసుకుని, నల్లవాళ్ళ మాటనీ నడకనీ వెటకారం చేస్తూ ఆడేవాళ్ళు. టి.డి. రైస్ అనే నటుడు వేసిన ‘జిమ్ క్రో’ వేషం ఎంత పేరు తెచ్చుకుందంటే, తరువాత దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్ళని వేరుగా ఉంచడానికి చేసిన చట్టాలకి ఆ పేరే స్థిరపడింది. అంతకాలం జనానికి అలవాటైన వినోదాన్ని మాటల సినిమా వస్తూనే తెర మీదికి తెచ్చుకుంది. 1927లో వచ్చిన ‘ద జాజ్ సింగర్’లో ఆల్ జోల్సన్ చివర్లో అమ్మ మీద పాట పాడేది ఆ వేషంలోనే. జూడీ గార్లాండ్, మికీ రూనీ టీనేజీలో చేసిన ‘బేబ్స్ ఇన్ ఆర్మ్స్’ (1939)లోనూ ఇదే ఉంటుంది. ఎవరో ఒక చెడ్డ దర్శకుడు చేసిన పని కాదు. ఆ రోజుల్లో అది మామూలు విషయం, అసలు బాధ కూడా అదే.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ‘స్వింగ్ టైమ్’ (1936)లోని ‘బోజాంగిల్స్ ఆఫ్ హార్లెమ్’ పాట. బోజాంగిల్స్ అంటే బిల్ రాబిన్సన్, అప్పట్లో దేశంలో అందరికీ తెలిసిన నల్లజాతి ట్యాప్ డాన్సర్. ఆయనకి నివాళి అంటూ అస్టేర్ నల్లరంగు పూసుకుని ఆడాడు. వెనక గోడ మీద అతని మూడు పెద్ద నీడలు అతనితో పోటీపడి ఆడతాయి, చివరికి అలసిపోయి వెళ్ళిపోతాయి. డాన్స్‌గా చూస్తే అద్భుతం. పైగా ట్యాప్ తెలిసినవాళ్ళు చెప్పేదేమిటంటే, అందులో రాబిన్సన్ పద్ధతి కంటే మరో నల్లజాతి డాన్సర్ జాన్ బబుల్స్ పద్ధతే ఎక్కువ కనిపిస్తుందని. రాబిన్సన్ నిటారుగా నిలబడి, కాలి మునివేళ్ళ మీద తేలిగ్గా ఆడతాడు. బబుల్స్ మడమని కిందికి దించి తాళంలో బరువు తెచ్చినవాడు. అస్టేర్ ఇద్దరినీ గౌరవించాడు, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ గౌరవం తెర మీదికి వచ్చేసరికి అస్టేర్ పేరు మిగిలింది, రంగు మిగిలింది, ఆ ఇద్దరూ లేరు. బబుల్స్ అసలు ఎలా ఆడతాడో చూడాలంటే ‘క్యాబిన్ ఇన్ ద స్కై’ (1943)లో ‘షైన్’ పాట చూడండి.

రాబిన్సన్‌కి మాత్రం సినిమాలు దొరికాయి. ఎలా దొరికాయంటే, ‘ద లిటిల్ కర్నల్’ (1935)లో ముసలి బట్లర్‌గా, ఆరేళ్ళ షర్లీ టెంపుల్‌ని పడుకోబెట్టడానికి మెట్ల మీద డాన్స్ చేస్తూ. తెల్లపిల్ల, నల్ల మనిషి జంటగా ఆడటం హాలీవుడ్ తెర మీద అదే మొదటిసారి అంటారు. దానికే దక్షిణాదిలో వాళ్ళు చేతులు పట్టుకున్న షాట్లు కోసేశారు. పిల్ల, ముసలి నౌకరు అయితే తప్ప జంటగా చూపించలేని పరిస్థితి. ఎదిగిన తెల్లమ్మాయితో ఆయన ఆడటం ఊహకే అందదు. తెర మీద ఏది చూపించొచ్చో స్టూడియోలు తమకి తామే పెట్టుకున్న నియమావళి ప్రొడక్షన్ కోడ్. 1934 నుంచి గట్టిగా అమలైన ఆ కోడ్‌లో తెల్ల, నల్ల జాతుల మధ్య శారీరక సంబంధం చూపించకూడదని రాసి మరీ ఉంది. ఆ నిబంధన 1956 దాకా పోలేదు.

ఇక అసలు విషయం, కత్తెర.

ఆ రోజుల్లో దక్షిణాది ఊళ్ళలో లోకల్ సెన్సార్ బోర్డులు ఉండేవి. మెంఫిస్‌లో లాయిడ్ బిన్‌ఫోర్డ్ అనే ఆయన 1928 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఆ బోర్డుని నడిపాడు. నల్లవాళ్ళు తెల్లవాళ్ళతో సమానంగా కనిపిస్తే చాలు, కోసేసేవాడు, లేదా సినిమానే ఆపేసేవాడు. స్టూడియోలు దీనితో పోట్లాడలేదు. ముందే సర్దుకున్నాయి. నల్లజాతి గాయకులకీ డాన్సర్లకీ ఒక పాట ఇచ్చేవి. ఆ పాటలో కథలోని తెల్ల పాత్రలు వాళ్ళతో మాట్లాడవు. వాళ్ళకి పాత్ర పేరు కూడా ఉండదు. మన సినిమాల్లో ఐటమ్ సాంగ్ తీసేసినా కథకి ఏమీ కానట్టు, దీన్ని తీసేసి రీలు అతికిస్తే చూసేవాడికి తేడా తెలియదు. న్యూయార్క్‌లో ఆ పాట ఉంటుంది, మెంఫిస్‌లో ఉండదు. రెండుచోట్లా టికెట్లు తెగుతాయి.

దీనికి బలైనవాళ్ళలో ముందు చెప్పాల్సింది లీనా హార్న్ గురించి. 1942లో ఎంజీఎం స్టూడియో ఆమెతో దీర్ఘకాలిక కాంట్రాక్ట్ చేసుకుంది. ఆమె వెనక నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ ఉన్నాడు. ఈ అమ్మాయిని పనిమనిషి వేషాలకి వాడుకోకూడదన్నది ఆయన పట్టుదల. లీనా నాన్న స్టూడియో అధిపతి లూయీ మేయర్ దగ్గరికి స్వయంగా వెళ్ళి, మా అమ్మాయికి పనిమనిషిని పెట్టే స్తోమత నాకుంది, తను పనిమనిషి వేషం వేయనక్కర్లేదు అని చెప్పాడట. స్టూడియో మాట నిలబెట్టుకుంది, పనిమనిషి వేషం ఇవ్వలేదు. మరే వేషమూ దాదాపు ఇవ్వలేదు కూడా. ‘పనామా హ్యాటీ’, ‘థౌజండ్స్ చీర్’, ‘జీగ్‌ఫెల్డ్ ఫాలీస్’, ‘వర్డ్స్ అండ్ మ్యూజిక్’ వరసగా చూడండి. ‘థౌజండ్స్ చీర్’ లాంటి వాటిలో మంచి గౌను వేసుకుని వస్తుంది, పాడుతుంది, వెళ్ళిపోతుంది. స్తంభానికి గుచ్చిపెట్టిన సీతాకోకచిలుకలా ఉండేదాన్ని అని ఆమె తరువాత చెప్పుకుంది. ఆ పాటల్లో ఆమె కళ్ళు చూడండి. ఎదుటి పాత్రని చూడటానికి ఎదుట ఎవరూ ఉండరు. కెమెరాకి కొంచెం పక్కగా, ఎవరినీ చూడని చూపు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా నాకు ఆ చూపు దగ్గర గొంతు పట్టేస్తుంది.

ఆమెకి కథలో భాగమైన పాత్రలు దొరికింది ముఖ్యంగా రెండు సినిమాల్లో, రెండూ 1943లోనే: ‘క్యాబిన్ ఇన్ ద స్కై’, ‘స్టార్మీ వెదర్’. రెండింటిలోనూ అందరూ నల్లజాతి నటులే. అవి ఆ ఏడాదే ఎందుకొచ్చాయంటే, యుద్ధం. నల్లజాతి యువకులు సైన్యంలో ఉన్నారు, వాళ్ళ మనోబలం ప్రభుత్వానికి కావాలి. 1942లో వాల్టర్ వైట్, అంతకుముందు అధ్యక్ష పదవికి పోటీచేసిన వెండెల్ విల్కీ కలిసి స్టూడియో పెద్దల్ని కూర్చోబెట్టి నల్లవాళ్ళ పాత్రలు మార్చాలని గట్టిగా అడిగారు. ఇటు ఒత్తిడి, అటు అవసరం కలిసొచ్చాయి. యుద్ధం అయిపోయాక ఆ దారి మళ్ళీ మూసుకుపోయింది.

‘స్టార్మీ వెదర్’ కథ పలచన. రాబిన్సన్ హీరో, హార్న్ హీరోయిన్, ఇద్దరి మధ్య దాదాపు నలభై ఏళ్ళ తేడా, ప్రేమకథ నమ్మబుద్ధి కాదు. ఇవన్నీ వదిలేయండి. మీ అమ్మాయికి చివరి పది నిమిషాలు చూపించండి. క్యాబ్ క్యాలోవే ‘జంపిన్ జైవ్’ పాడుతుంటే నికోలస్ బ్రదర్స్, అంటే ఫయార్డ్, హెరాల్డ్, తోక కోట్లు వేసుకుని రంగంలోకి దూకుతారు. ముందు ఆర్కెస్ట్రా మధ్యలోకి వెళ్తారు. వాయించేవాళ్ళ మధ్య ఒక గట్టు మీంచి ఇంకో గట్టు మీదికి గెంతుతారు, ఒక్క అడుగు తాళం తప్పదు. తరువాత పియానో మీదికి ఎక్కి, వాయించేవాడికి కాళ్ళతో జవాబిస్తారు. అక్కడి నుంచి నేల మీదికి, కాళ్ళు రెండూ పూర్తిగా చాపి, స్ప్లిట్‌లో దిగుతారు, చేతులు ఆనించకుండా లేస్తారు. ఆ తరువాత వచ్చేదే చరిత్రలో నిలిచిపోయింది. పెద్ద పెద్ద తెల్లమెట్లు. పైనుంచి ఒకడి మీంచి ఒకడు దూకుతూ, ప్రతి మెట్టు మీదా స్ప్లిట్‌లో పడుతూ, లేస్తూ, కిందిదాకా వస్తారు. పడిన ప్రతిసారీ ముఖంలో నవ్వు చెదరదు. ఆ మెట్ల డాన్స్ రిహార్సల్ లేకుండా ఒకే టేక్‌లో తీశారని ఫయార్డ్ చెప్పేవాడు. తెర మీద తాను చూసిన డాన్స్‌లన్నింటిలో ఇదే గొప్పదని అస్టేర్ వాళ్ళతో అన్నాడట. ట్యాప్ నేర్చుకునే పిల్లకి ఒక్కో మెట్టు దగ్గరా ఆపి చూపించదగ్గ పాట.

ఇంత చేసినవాళ్ళకి హాలీవుడ్ ఒక్క ప్రధాన పాత్ర ఇవ్వలేదు. ‘డౌన్ ఆర్జెంటీన్ వే’ (1940)లో, ‘సన్ వ్యాలీ సెరెనేడ్’ (1941)లో వాళ్ళది విడిగా వచ్చిపోయే పాటే. ‘ద పైరేట్’ (1948)లో తెల్ల డాన్స్ హీరో జీన్ కెల్లీ పట్టుబట్టి వాళ్ళని తన పక్కన నిలబెట్టి ముగ్గురూ ఒకే డాన్స్ చేశారు. దక్షిణాదిలో కొన్నిచోట్ల ఆ పాటనే కోసేశారు. ఆ తరువాత అన్నదమ్ములు యూరప్ వెళ్ళి చాలా ఏళ్ళు అక్కడే ప్రదర్శనలిచ్చారు.

హేజల్ స్కాట్ పేరు మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ట్రినిడాడ్‌లో పుట్టిన పియానిస్టు. సినిమాల్లోకి వచ్చేటప్పుడే కాంట్రాక్ట్‌లో రాయించుకుంది: పనిమనిషి వేషం వేయను, నా బట్టల మీద ఆఖరి మాట నాది, నేను నా పేరుతోనే కనిపిస్తాను అని. ‘ద హీట్స్ ఆన్’ (1943) షూటింగ్‌లో నల్లజాతి ఆడవాళ్ళు యుద్ధానికి వెళ్ళే తమ మగవాళ్ళకి వీడ్కోలు చెప్పే సీన్ ఉంది. వాళ్ళకి మురికి పట్టిన ఏప్రన్లు వేశారు. కట్టుకున్నవాణ్ణి యుద్ధానికి సాగనంపే ఏ ఆడదైనా మాసిన ఏప్రన్‌తో వెళ్తుందా అని ఆమె షూటింగ్ ఆపేసింది. మూడు రోజులు పని నిలిచిపోయింది. స్టూడియో దిగొచ్చి ఏప్రన్లు మార్చింది. కొలంబియా అధిపతి హ్యారీ కోన్ మాత్రం దాన్ని మర్చిపోలేదు. ఆమె సినిమా జీవితం ఆ తరువాత ఎంతో కాలం నడవలేదు. ఒక ఏప్రన్ కోసం అంత పోగొట్టుకోవాలా అని నన్ను కొందరు అడుగుతారు. ఏప్రన్ ఎవరి ఒంటి మీద ఉందో గుర్తుంచుకుంటే ఆ ప్రశ్న రాదు. ఆ సీన్‌లో ఆమెకి ఆ బట్ట వేయలేదు, తన వెనక నిలబడ్డ ఆడవాళ్ళకి వేశారు.

కత్తెరకి అందని పాత్ర అంటే ఏమిటో ‘షో బోట్’ చెబుతుంది. పడవ మీద నాటకాలాడే బృందంలో జూలీ పెద్ద నటి. తల్లి వైపు నల్లరక్తం ఉన్నా తెల్లదానిలా బతుకుతోంది, భర్త స్టీవ్ తెల్లవాడు. మిసిసిపీ చట్టం ప్రకారం అది నేరం. షెరీఫ్ పట్టుకోవడానికి వస్తున్నాడని తెలియగానే స్టీవ్ ఆమె చేతిని కత్తితో గాటు పెట్టి, ఆ రక్తం నోటితో పీలుస్తాడు. షెరీఫ్ వచ్చాక, నాలోనూ నల్లరక్తం ఉంది అంటాడు. ఒక్క చుక్క ఉన్నా నల్లవాడే అన్న వాళ్ళ చట్టాన్ని తీసుకుని వాళ్ళ మీదికే తిప్పిన సీన్ అది. ఇది తీసేస్తే సినిమా లేదు. అయితే 1936 సినిమాలో జూలీగా వేసింది తెల్ల గాయని హెలెన్ మోర్గన్. అదే సినిమాలో నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ ‘ఓల్ మ్యాన్ రివర్’ పాడుతుంటే కెమెరా ఆయన చుట్టూ తిరుగుతుంది. ఆ గొంతు వింటే కుర్చీలోంచి లేవలేం. అదే సినిమాలో హీరోయిన్ ఐరీన్ డన్ నల్లరంగు పూసుకుని చేసే పాట కూడా ఉంది. రెండూ ఒకే సినిమాలో, కొన్ని రీళ్ళ తేడాలో. రోబ్సన్ తరువాత కచేరీల్లో ఆ పాట చివరి మాటలు మార్చేసుకున్నాడు. అలసిపోయాను అన్నచోట చచ్చేదాకా పోరాడుతూనే ఉంటాను అని పాడేవాడు.

లీనా హార్న్ జూలీగా ఒక్కసారి కనిపించింది, ‘టిల్ ద క్లౌడ్స్ రోల్ బై’ (1946)లో ‘షో బోట్’ నుంచి తీసుకున్న కొద్దిపాటి భాగంలో. ఆ కొన్ని నిమిషాలు చూస్తే ఆ పాత్ర ఆమె కోసమే ఉందనిపిస్తుంది. 1951లో ఎంజీఎం ‘షో బోట్’ని రంగుల్లో మళ్ళీ తీసినప్పుడు ఆ పాత్ర తెల్ల నటి ఎవా గార్డ్‌నర్‌కి వెళ్ళింది. పాటలకి గొంతు ఆనెట్ వారెన్‌ది. స్టూడియోలో హార్న్ కోసమని ‘లైట్ ఈజిప్షియన్’ పేరుతో ఒక మేకప్ రంగు తయారుచేయించారనీ, చివరికి దాన్ని తెల్ల నటీమణులకే వాడారనీ ఆమె చెప్పేది. నల్లజాతి నటి ఆ పాత్ర చేస్తే తెల్ల భర్తతో చూపించాలి, దానికి కోడ్ అడ్డు. తెల్ల నటి నల్లరక్తం ఉన్నదానిగా నటిస్తే అడ్డు లేదు. ఇంత నిలువునా అన్యాయం జరిగినా ఎవాతో ఆమె స్నేహం చెడలేదు.

ఇప్పుడు గొంతు గురించి కొంచెం. మనకి ప్లేబ్యాక్ పుట్టినప్పటి నుంచీ అలవాటు. రామారావుకి ఘంటసాల పాడాడంటే అందులో ఎవరికీ తక్కువ లేదు. ఘంటసాల పేరు టైటిల్స్‌లో పడేది, రేడియోలో వచ్చేది, జనం ఆయన్ని చూడటానికి కచేరీలకి వెళ్ళేవాళ్ళు. కాబట్టి హాలీవుడ్ డబ్బింగ్‌లో అన్యాయం ఏముందో మనకి వెంటనే తట్టదు. అక్కడ పాడినవాళ్ళని దాచేవాళ్ళు. ‘ద కింగ్ అండ్ ఐ’ (1956)లో డెబొరా కెర్‌కీ, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1961)లో నటాలీ వుడ్‌కీ పాడిన మార్నీ నిక్సన్ పేరు ఆ సినిమాల టైటిల్స్‌లో లేదు. ఇక నల్లజాతి నటుల విషయంలో ఇది ఇంకో మలుపు తిరిగింది. పాడటం వచ్చినవాళ్ళ గొంతు కూడా తీసేశారు.

‘కార్మెన్ జోన్స్’ (1954) చూడండి. అందరూ నల్లజాతి నటులే. డొరొతీ డాండ్రిడ్జ్ ఈ పాత్రకి ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ పొందింది, ఆ విభాగంలో నామినేషన్ వచ్చిన మొదటి నల్లజాతి నటి ఆమే. చిన్నప్పటి నుంచి నైట్ క్లబ్బుల్లో పాడిన మనిషి. హీరో హ్యారీ బెలాఫాంటే, ఆ పేరు వింటేనే పాట గుర్తొస్తుంది. ఇద్దరికీ వేరేవాళ్ళు పాడారు. డాండ్రిడ్జ్‌కి పాడింది మారిలిన్ హార్న్, అప్పుడు ఇరవై ఏళ్ళ తెల్లమ్మాయి. ఇది ఫ్రెంచ్ స్వరకర్త బిజే కట్టిన ఒపేరా, శిక్షణ పొందిన ఒపేరా గొంతు కావాలన్న కారణం సరైనదే. కానీ అలాంటి నల్లజాతి గాయని దొరకదనుకోవడానికి లేదు. 1943లో న్యూయార్క్ బ్రాడ్‌వే స్టేజీ మీద ఇదే కార్మెన్ జోన్స్‌గా పాడిన మ్యూరియల్ స్మిత్ ఉంది. ‘సౌత్ పసిఫిక్’ (1958) సినిమాలో ఆమె గొంతు కావాల్సి వచ్చింది, అదీ జువానిటా హాల్‌కి బదులుగా. హాల్ ఆ బ్లడీ మేరీ పాత్రని స్టేజీ మీద తన గొంతుతోనే పాడి, నాటకాలకిచ్చే టోనీ అవార్డు తెచ్చుకున్న నటి. అవార్డు తెచ్చిన గొంతు సినిమాకి పనికిరాలేదు.

‘వెస్ట్ సైడ్ స్టోరీ’ గురించి మీరు విడిగా అడిగారు, అది అందరూ గొప్పదంటారు కదా అని. గొప్పదే. పది ఆస్కార్లు వచ్చాయి. కథ న్యూయార్క్‌లోని ప్యోర్టోరికన్ యువకులది. హీరోయిన్ మరియాగా నటాలీ వుడ్, రష్యన్ వలసదారుల కూతురు. బెర్నార్డోగా జార్జ్ చకిరిస్, గ్రీకు కుటుంబం. ముఖ్య పాత్రల్లో నిజంగా ప్యోర్టోరికోలో పుట్టింది అనీటాగా వేసిన రీటా మొరేనో. కథలోని ప్యోర్టోరికన్ల ముఠా షార్క్స్ వాళ్ళందరికీ ఒకే ముదురు గోధుమరంగు మేకప్ వేశారు. ప్యోర్టోరికన్లలో తెల్లగా, చామనఛాయగా, నల్లగా అన్ని రకాలూ ఉంటారు, నా రంగు ఇది కాదు అని మొరేనో మేకప్ మనిషితో అంటే, నీకేమైనా జాతి వివక్షా అని అతను అడిగాడట. ఏం జవాబివ్వాలో తెలియలేదని ఆమె తరువాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. సొంత జాతి పాత్ర వేయడానికి తన ఒంటి మీద వేరే రంగు వేయించుకోవాల్సి వచ్చింది.

‘అమెరికా’ పాట సంగతీ ఉంది. సినిమాకి ముందు వచ్చిన స్టేజీ నాటకంలో అనీటా తన దీవిని రోగాల దీవి అని తిట్టిపోస్తుంది. ఆ మాటలు పాడాల్సి వస్తే పాత్రే వదులుకుందామనుకుంది మొరేనో. సినిమాకి వాటిని మార్చారు. ఆడవాళ్ళు అమెరికా గొప్పని పాడితే మగవాళ్ళు అద్దెలు, వివక్ష, ముఖం మీదే మూసే తలుపులు ఎత్తి చూపుతారు. నా దృష్టిలో సినిమా మొత్తంలో నిజం పలికేది ఆ పాటే. ఇంకొకటి: మొదట్లో కనిపించే ఆ పాడుబడ్డ ఇళ్ళు సెట్ కాదు. సాన్ హువాన్ హిల్ అనే పేట. నల్లవాళ్ళూ ప్యోర్టోరికన్లూ ఉండే ఆ పేటని లింకన్ సెంటర్ అనే కళాకేంద్రం కట్టడానికి ఖాళీ చేయించి, కూల్చే ముందు సినిమా వాళ్ళు అక్కడ షూటింగ్ చేసుకున్నారు. వేలాది కుటుంబాలు వెళ్ళిపోయిన వీధుల్లో వాళ్ళ పాత్రలు వేరేవాళ్ళు ఆడారు. మొరేనోకి ఆస్కార్ వచ్చింది. ఆ తరువాత వచ్చిన పాత్రలు దాదాపు అన్నీ ముఠావాళ్ళ గర్ల్‌ఫ్రెండ్ వేషాలే, యాసతో మాట్లాడేవే. వద్దని కొన్నేళ్ళు సినిమాలకి దూరంగా ఉండిపోయింది.

కార్మెన్ మిరాండా, తలమీద పళ్ళ గంపతో వచ్చే ఆవిడ, వేరే పెద్ద కథ. ఒక్క మాట మాత్రం చెబుతాను: ఆ వేషం బ్రెజిల్‌లో బహియా ప్రాంతపు నల్లజాతి ఆడవాళ్ళ కట్టు. హాలీవుడ్ దాన్ని పళ్ళు పెంచి పెంచి బొమ్మని చేసింది.

వీటన్నింటిలో నేను మీకు గట్టిగా చెప్పే సినిమా ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’ (1961). పేరు తక్కువమంది విన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో జరిగే కథ. ప్రధాన పాత్రలన్నీ ఆసియా మూలాల అమెరికన్లవే, వాళ్ళే హీరోలు, హీరోయిన్లు, కమెడియన్లు. ఆ రోజుల్లో ఒక పెద్ద స్టూడియో ఇలాంటి సినిమా తీయడం అరుదు కాదు, కనీవినీ ఎరగనిది. మళ్ళీ అలాంటిది 1993లో ‘ద జాయ్ లక్ క్లబ్’ దాకా రాలేదు. లోపాలు లేకపోలేదు. చైనా వాళ్ళుగా వేసిన మియోషి ఉమెకి, జేమ్స్ షిగెటా, జాక్ సూ జపాన్ మూలాల వాళ్ళు. ఇంట్లోని పెద్దావిడగా వేసింది పైన చెప్పిన జువానిటా హాల్, నల్లజాతి నటి. ఆసియా వాళ్ళంతా ఒకటే అన్న ధోరణి కనిపిస్తుంది. కానీ జాక్ సూ గురించి తెలుసుకుంటే మనసు మెత్తబడుతుంది. అసలు పేరు గోరో సుజుకి. యుద్ధంలో జపనీస్ అమెరికన్లని నిర్బంధించిన క్యాంపులో ఉండి వచ్చినవాడు. అలాంటి మనిషి ఇక్కడ తెర మీద నిమ్మళంగా, సిగరెట్ పొగ వదులుతూ, ఏ యాసా లేని అమెరికన్ ఇంగ్లీషులో క్లబ్ ఓనర్‌గా జోకులేస్తాడు. ఆసియా మనిషిని అలా చూపించడమే అప్పటికి కొత్త.

కథ మన ఇళ్ళకి దగ్గర. పెద్దవాళ్ళు కుదిర్చిన సంబంధం, అమెరికాలో పుట్టిపెరిగిన కొడుకు తనకి నచ్చినదాన్ని చేసుకుంటాననడం, బ్యాంకుని నమ్మక డబ్బు ఇంట్లో దాచుకునే తండ్రి. మెయ్ లీ అనే అమ్మాయి పెళ్ళి కోసం ఓడలో దొంగచాటుగా వస్తుంది. ఇష్టంలేని పెళ్ళి ఒప్పందం ఎలా తప్పించుకోవాలో తెలియక, రాత్రి టీవీలో వచ్చిన పాత సినిమాలో ఒక మెక్సికన్ పాత్ర మాట వింటుంది. మర్నాడు పెళ్ళి పందిట్లో అదే మాట చెబుతుంది, నేను చట్టవిరుద్ధంగా వచ్చినదాన్ని, ఈ ఒప్పందం చెల్లదు అని. ఈ సినిమా వచ్చేనాటికి అమెరికాకి వలస రావడానికి భారతీయులకి ఏడాదికి వంద మంది కోటా మాత్రమే ఉండేది. 1965 వలస చట్టం వచ్చాకే మనవాళ్ళు పెద్ద సంఖ్యలో వెళ్ళగలిగారు. డల్లాస్‌లో పెరుగుతున్న పిల్లకి ఆ సీన్ వెనక ఉన్న సంగతి చెబితే బాగా అర్థమవుతుంది.

ఇక ఏ వరసలో చూపించాలి అంటే, ముందు ‘స్టార్మీ వెదర్’. చిన్న సినిమా, గంటన్నర కూడా ఉండదు, ఆపుతూ చూసుకోవచ్చు. తరువాత 1936 ‘షో బోట్’, ఆ రంగు పూసుకున్న పాటతో సహా. ‘స్వింగ్ టైమ్’ పాట చూపించినప్పుడు వెంటనే పక్కన బబుల్స్ ‘షైన్’ వేయండి, తన కాళ్ళతో తనే తేడా పట్టుకుంటుంది. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ 1961ది చూశాక 2021ది కూడా చూడండి. అందులో అనీటాగా వేసిన అరియానా డిబోస్‌కి అదే పాత్రకి ఆస్కార్ వచ్చింది. రీటా మొరేనో వాలెంటీనాగా వచ్చి ‘సమ్‌వేర్’ పాట తన గొంతుతోనే పాడుతుంది. 1961లో ‘ఎ బాయ్ లైక్ దట్’ పాటలో అనీటాది వేరేవాళ్ళ గొంతు, ఆ సంగతి ముందే చెప్పి చూపించండి.

నల్లరంగు వేషం వచ్చినప్పుడు ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకండి. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో మిన్‌స్ట్రెల్ షోల సంగతి రెండు ముక్కల్లో చెప్పండి, తను అడిగితే ఇంకా చెప్పండి. ట్యాప్ క్లాసులో షిమ్ షామ్ అనే డాన్స్ నేర్పే ఉంటారు. దాన్ని 1920ల చివర్లో లెనార్డ్ రీడ్, విల్లీ బ్రయాంట్ అనే ఇద్దరు నల్లజాతి డాన్సర్లు కూర్చారని తనకి తెలుసో లేదో కనుక్కోండి. తెలియకపోతే వాళ్ళ టీచర్‌ని అడగమనండి. ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’ మాత్రం అమ్మమ్మా తాతయ్యలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. డబ్బు దాచుకునే ఆ తండ్రి దగ్గర తాతయ్య ఏమంటారో నాకు రాయండి.